మన నాయకులను దొరలు ఏమని రాశారు?

(రాంజీ గోండు వర్ధంతి సందర్భంగా మేడ్చల్‌లో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



వేదిక మీది పెద్దలకు, ఎండను లెక్కచేయకుండా ఆటోలు మాట్లాడుకొని తండాల నుంచి వచ్చిన అక్కలకు, చెల్లెళ్ళకు, తెల్లవారుజామునే ఉట్నూరు దిక్కు నుంచి బస్సెక్కి వచ్చిన గోండు అన్నలకు, వెనకాల నిలబడి ఫోన్లు చూసుకుంటున్న మా పిల్లలకు కూడా నమస్కారం. సంఘం కార్యదర్శి నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. నేను చరిత్రకారుణ్ణి కాదు. సర్కారు బడుల్లో ముప్పై ఏండ్లు సోషల్ చెప్పి రిటైరైన పంతుల్ని. పంతుళ్ళకు గంట కొట్టేదాకా ఆపడం చేతకాదు. కాబట్టి గంట కొట్టే బాధ్యత మీదే.

నాకిచ్చిన అంశం స్వాతంత్ర్య సమర నాయకుల పట్ల పాలకుల వైఖరి. ఈ అంశం మీద బడి పుస్తకంలో ఏముంటుందో మీకు తెలుసు. గాంధీ, నెహ్రూ, తిలక్, జైళ్ళు, లాఠీలు. అదంతా నిజమే. కాని అదే పాలకులు మన నాయకులను ఏ కంటితో చూశారో చెప్పాలంటే పుస్తకం మూసి మన ఊరి రోడ్డు మీదికి రావాలి. అందుకే ఈ సభ బయట ఉన్న రోడ్డుతో మొదలుపెడతాను.

మనకు రెండు రోడ్లున్నాయి. ఒకటి మేడ్చల్ మీదుగా పోయే నాగపూర్ రోడ్డు. రెండోది షామీర్‌పేట మీదుగా పోయే కరీంనగర్ రోడ్డు. షామీర్‌పేట నుంచి సికింద్రాబాదు వస్తుంటే హకీంపేట దాటినంక బొల్లారంలో పెద్ద గోడ, లోపల చెట్లు, గేటు దగ్గర తుపాకులతో జవాన్లు కనిపిస్తారు. ఇప్పుడది రాష్ట్రపతి నిలయం. టికెట్ కొనుక్కుని మనం కూడా పోయి చూడవచ్చు. తెల్లవాళ్ళ కాలంలో అది రెసిడెంటు విడిది. నిజాం రాజ్యంలో రాజు నిజామే అయినా, కలకత్తాలోని తెల్ల సర్కారు తరఫున రాజు పక్కన కూర్చుని రాజ్యం నడిపించిన మనిషి రెసిడెంటు. ఆ భవనం కట్టింది 1860లో. ఈ సంవత్సరాన్ని కొంచెం గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు మేడ్చల్ రోడ్డు. ఇక్కడి నుంచి అరగంట పోతే తూప్రాన్. మనం పెండ్లిళ్ళకు, అంగడికి పోయే ఊరే. 1857 జూలై 17న హైదరాబాదులో తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ కొన్ని వందల మందితో కోఠిలోని రెసిడెన్సీ మీద దాడి చేశారు. మహిళా కళాశాలగా మనం ఎరిగిన భవనమే అది. దాడి నిలవలేదు. తుర్రెబాజ్ ఖాన్‌ను పట్టుకుని అండమాన్ శిక్ష వేశారు. పంపకముందే, 1859 జనవరిలో, ఆయన తప్పించుకున్నాడు. తలకు 5,000 రూపాయల వెల కట్టారు. వారం తిరగకముందే తూప్రాన్ అడవిలో చంపేశారు. చంపింది తెల్లవాడు కాదు, ఇక్కడి తాలూకాదారే. శవాన్ని హైదరాబాదు తెచ్చి రెసిడెన్సీ దగ్గర జనం చూసేటట్టు వేలాడదీశారు. మౌల్వీని అండమాన్ పంపారు, ఆయన అక్కడే కన్నుమూశాడు. ఇప్పుడు తూప్రాన్ మీదుగా పోయేటప్పుడు మనం టోల్‌గేటు గురించి మాట్లాడుకుంటాం.

అదే రోడ్డు మీద ఇంకా పైకి పోండి. రామాయంపేట, కామారెడ్డి, ఆర్మూర్ దాటి, సోన్ దగ్గర గోదావరి దాటితే నిర్మల్. అక్కడే రాంజీ గోండు. గోండులను, ఉత్తరాది నుంచి వచ్చిన రోహిల్లాలను కలిపి తెల్లవాళ్ళ సైన్యంతో, నిజాం సైన్యంతో తలపడిన మనిషి. 1860 ఏప్రిల్ 9న ఆయన్ని, ఆయన వెంట ఉన్నవాళ్ళను ఒక మర్రిచెట్టుకు ఉరితీశారు. వెయ్యి మంది అని జనం చెప్పుకుంటారు. అందుకే దాన్ని వెయ్యి ఉరుల మర్రి అన్నారు. ఆ చెట్టు కూడా ఇప్పుడు లేదు, గాలివానకు కూలిపోయింది.

1860. బొల్లారంలో రెసిడెంటుకు విడిది లేచిన సంవత్సరం, నిర్మల్‌లో మర్రికొమ్మలకు తాళ్ళు కట్టిన సంవత్సరం ఒక్కటే. ఇందులో కుట్ర ఏమీ లేదు, రెండు పనులూ ఒకే సర్కారు ధీమాలోంచి వచ్చాయి.

నేను చెప్పదలచుకున్నది ఉరి గురించి కాదు. ఉరి తెల్లవాళ్ళు చాలామందికి వేశారు. నేను చెప్పేది కాగితం గురించి. నాటి దస్త్రాలలో నిర్మల్ పోరాటం ఎక్కువగా రోహిల్లాల అల్లరిగానే కనిపిస్తుంది. గోండులు అందులో నీడల లెక్క ఉంటారు. ఒక గోండు మనిషి నాయకుడై పరాయి భాషవాళ్ళను కూడా తన వెంట నడిపించాడనే మాట రాయడానికి ఆ గుమస్తా కలానికి మనసొప్పలేదు. అల్లరికి నాయకుడు ఉండడు కదా! బందిపోటుకు ముఠా ఉంటుంది, ఉద్యమం ఉండదు.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు పోతాను. ఏజెన్సీలో మన్యం తిరుగుబాట్లను దస్త్రాలలో ఫితూరీలు అని రాశారు. తెలుగులో అదే పితూరీ. ఇవాళ పితూరీ అంటే ఏమిటి? బడిలో ఒకడి మీద ఇంకొకడు పంతులుకు చెప్పే చాడీ. నా క్లాసులో రోజుకు పది పితూరీలు వచ్చేవి. ప్రాణాలకు తెగించి చేసిన తిరుగుబాటుకు, పెన్సిల్ పోయిందని చెప్పే చాడీకి మన భాషలో ఒకే మాట మిగిలింది. మాటలు ఎట్లా అరిగిపోతాయో చూడండి.

ఇక అసలు విషయం. పాలకుల వైఖరి తెలుసుకోవాలంటే ఒకే కాలంలో, ఒకే సర్కారు ఇద్దరితో ఎట్లా నడుచుకుందో పక్కపక్కన పెట్టి చూడాలి. దానికి 1922ను మించిన సంవత్సరం లేదు.

1922 మార్చి 18. అహ్మదాబాదు. గాంధీగారి మీద రాజద్రోహం కేసు విచారణ. జడ్జి బ్రూమ్‌ఫీల్డ్ అనే తెల్లవాడు. గాంధీగారు నేరం ఒప్పుకున్నారు, పెద్ద శిక్షే వేయమన్నారు. ఆ జడ్జి ఏమన్నాడు? లక్షలాది మంది దృష్టిలో మీరు గొప్ప దేశభక్తులు, గొప్ప నాయకులు, ఆ సంగతిని నేను పట్టించుకోకుండా ఉండలేను అన్నాడు. తిలక్‌కు వేసిన శిక్షను గుర్తుచేసి ఆరేండ్లు సాధారణ ఖైదు వేశాడు. తరువాత సర్కారు ఈ శిక్ష తగ్గిస్తే నాకంటే సంతోషించేవాడు ఉండడని కూడా అన్నాడు. శిక్ష వేస్తున్న మనిషి నోట వచ్చిన మాటలివి. గాంధీగారు కూడా ఆ మర్యాదకు మర్యాదగానే జవాబిచ్చారు. రెండేండ్లు కాకముందే, 1924 జనవరిలో, జైల్లో ఆయనకు అపెండిసైటిస్ వచ్చింది. పూనాలో ససూన్ ఆసుపత్రికి తీసుకుపోయి తెల్ల డాక్టరే ఆపరేషన్ చేశాడు. ఫిబ్రవరి 5న విడిచిపెట్టారు.

అదే 1922 ఆగస్టు 22. విశాఖ మన్యంలో చింతపల్లి పోలీస్ స్టేషన్. అల్లూరి సీతారామరాజు, ఆయన వెంట గాం గంటం దొర, గాం మల్లు దొర, కోయలు, బగతలు. మరుసటి రోజు కృష్ణదేవిపేట, ఆ మరుసటి రోజు రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు, 26 తుపాకులు, రెండు వేలకు పైగా తూటాలు. తీసుకున్నదానికి లెక్క రాసి రసీదు పెట్టి వచ్చారు. సెప్టెంబర్ 24న దామనపల్లి ఘాట్‌లో పొంచి ఉండి, ముందు నడుస్తున్న మనదేశపు జవాన్లను పోనిచ్చి, వెనక వచ్చిన స్కాట్ కవర్డ్, హేటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులను కాల్చారు. ఎవరితో యుద్ధమో, ఎవరితో కాదో అంత స్పష్టంగా తెలిసినవాళ్ళు. దాన్ని యుద్ధం అనక ఏమంటారు?

సర్కారు మలబార్ పోలీసులను దింపింది. అస్సాం రైఫిల్స్‌ను తెచ్చింది. రూథర్‌ఫర్డ్‌ను ప్రత్యేక కమిషనర్‌గా పెట్టింది. గెరిల్లా ఎత్తుగడల్లో రాజు గట్టివాడని అధికారులే లోపల్లోపల ఒప్పుకున్నారు. 1924 మే 7న మంప దగ్గర పట్టుకుని, కొయ్యూరు తీసుకొచ్చి, చెట్టుకు కట్టి కాల్చేశారు. గుడాల్ అనే మేజరు పని అది. కేసు లేదు, కోర్టు లేదు, జడ్జి లేడు, ఆఖరి మాట చెప్పుకునే బోను లేదు. పారిపోబోతుంటే కాల్చామని కాగితం రాశారు. చెట్టుకు కట్టిన మనిషి ఎట్లా పారిపోతాడని అడగడానికి అక్కడ ఎవరూ లేరు. నెల తిరిగేసరికి గంటం దొరను కూడా చంపేశారు.

లెక్క చూడండి. గాంధీగారిని విడిచిపెట్టిన ఫిబ్రవరి 5కు, రాజును కాల్చిన మే 7కు మధ్య మూడు నెలలు. అదే రాజు, అదే చక్రవర్తి ముద్ర, అదే శిక్షాస్మృతి. మన షామీర్‌పేటలోనే నల్సార్ ఉంది, న్యాయశాస్త్రం చదివే పిల్లలు దేశం నలుమూలల నుంచి వస్తారు. అహ్మదాబాదు తీర్పు వాళ్ళకు ఏదో ఒక పాఠంలో తగులుతుంది. కొయ్యూరు చెట్టు మాత్రం ఏ లా రిపోర్టులోనూ దొరకదు, ఎందుకంటే అక్కడ కేసే లేదు.

మీలో కొందరు అంటారు, గాంధీగారిది అహింస, రాజుది తుపాకీ, తేడా అక్కడుంది కదా అని. న్యాయమైన ప్రశ్నే. తుపాకీ పట్టినవాణ్ణి ఏ సర్కారూ పూలమాల వేసి కూర్చోబెట్టదు. కాని తుపాకీ పట్టినవాడికి కూడా కోర్టు ఉంటుంది. భగత్‌సింగ్‌కు ఉండింది, అది ఎంత అన్యాయమైన విచారణ అయినా సరే. మన్యంలో దాని అవసరమే లేదనుకున్నారు. ఏజెన్సీ అనేది చట్టం సగమే పనిచేసే చోటు అని వాళ్ళ నమ్మకం.

ఇంకో లెక్క కూడా ఉంది, ఇది చెప్తుంటే నాకు ప్రతిసారీ గుచ్చుకుంటుంది. రాజు తలకు కట్టిన వెల 10,000 రూపాయలు. గంటం దొరకు, మల్లు దొరకు తలా వెయ్యి. ఒకే అడవి, ఒకే ఆకలి, ఒకే తూటాలు. చదువుకున్న, మైదానం నుంచి వచ్చిన మనిషికి పదివేలు, కొండమనిషికి వెయ్యి. పోస్టర్ రాసినవాడు ఆలోచించి కూడా రాసి ఉండడు, ఆ లెక్క వాడి నోట అట్లా వచ్చేసింది. రాజును తక్కువ చేయడానికి నేను ఈ మాట అనడం లేదు. ఆయన వాళ్ళ కోసం వచ్చి వాళ్ళలో ఒకడై చనిపోయాడు. మన సభల్లో కూడా రాజు ఫొటో పెద్దగా, గంటం దొర పేరు చిన్నగా ఉంటుంది. ఆ పోస్టర్ లెక్క మనకూ అంటుకుంది.

జైళ్ళలో కూడా ఇదే. 1930 నుంచి ఖైదీలను ఏ, బి, సి అని మూడు క్లాసులు చేశారు. దేన్ని బట్టి? చదువును బట్టి, ఇంట్లో అలవాటైన జీవితాన్ని బట్టి, సంఘంలో హోదాను బట్టి. ఏ క్లాసు వాళ్ళకు మంచం, పుస్తకాలు, సొంత తిండి. అడవి నుంచి వచ్చినవాడికి బయట మంచం లేదు కాబట్టి లోపల కూడా అవసరం లేదు. ఇది ద్వేషం కూడా కాదు, మర్యాదగా, పద్ధతిగా రాసిన రూలు.

మరి ఎందుకిట్లా? నాకు తోచిన జవాబు చెప్తాను. మీరు ఒప్పుకోకపోతే టీ తాగేటప్పుడు పోట్లాడుకుందాం.

ఒక మనిషిని నాయకుడని ఒప్పుకుంటే అతనితో కూర్చుని మాట్లాడాలి. అంతే. 1931లో వైస్రాయ్ ఇర్విన్ గాంధీగారిని పిలిచి మాట్లాడాడు. అప్పుడు లండన్‌లో చర్చిల్‌కు ఎక్కడ మండింది? సగం బట్టలతో ఫకీరులా మెట్లెక్కి పోయి చక్రవర్తి ప్రతినిధితో సమానంగా కూర్చుని మాట్లాడుతున్నాడే అని మండింది. తిట్టింది బట్టలనే అయినా, అసలు కోపం ఆ సమానత్వం మీద. గాంధీగారికి ఆ కుర్చీ ఎంతో కొట్లాట మీద దొరికింది. మనవాళ్ళకు ఆ కుర్చీ వేయాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు.

ఇంకో విచిత్రం ఏమిటంటే, వాళ్ళు మన బాధను ఎప్పుడూ కాదనలేదు. 1879లో రంపలో తిరుగుబాటు వచ్చింది. మునసబుదారు కల్లు మీద వేసిన పన్ను, షావుకార్ల అప్పులు, పోలీసుల వసూళ్ళు కారణం. మద్రాసు సర్కారు విచారణ జరిపించి, తప్పు మునసబుదారుదే అని తేల్చి అతణ్ణి తొలగించింది. ముఠాదారులతో నేరుగా ఏర్పాటు చేసుకుంది. మరి ఆ తిరుగుబాటును నడిపిన కారం తమ్మన్న దొరను? పోలీసులు కాల్చి చంపారు. అంటే నువ్వు చెప్పింది నిజమే, కాని చెప్పడానికి నువ్వెవరు?

జోడేఘాట్‌లో మళ్ళీ ఇదే కథ. కొమురం భీం పన్నెండు ఊళ్ళ గోండులకు, కొలాములకు వాళ్ళ అడవి, వాళ్ళ నీళ్ళు, వాళ్ళ భూమి కావాలన్నాడు. ఇక్కడి పాలకుడు నిజామే, తెల్లవాడు కాదు. కాని అటవీ చట్టాలు, సర్వేలు, చౌకీదార్లు అన్నీ తెల్లవాళ్ళ అచ్చులో పోసినవే. 1940లో పోలీసులు కాల్చేశారు. ఆ తరువాత నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పరిశోధకుణ్ణి పంపి గోండుల కష్టాలు రాయించుకుంది. ఆయన మంచి మనిషి, మర్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు, గోండులు ఇప్పటికీ ఆయన్ని తలచుకుంటారు. ఇక్కడున్న అన్నలు దానికి సాక్షులు. ఆయన రాసింది ఏమిటి? అడవిశాఖ వాళ్ళు గోండులను ఊళ్ళ నుంచి తరిమారు, పట్టాలు లేవు, లంచాలు, వడ్డీలు అని. భీం చెప్పింది కూడా అదే కదా! ఆ తరువాత పట్టాలు వచ్చాయి, గోండు భాషలో బడులు వచ్చాయి, గిరిజన ప్రాంతాలకు వేరే చట్టం వచ్చింది. భీం నోటితో అడిగినప్పుడు అది తిరుగుబాటు. పరదేశి పండితుడు ఇంగ్లీషులో రాస్తే అది రిపోర్టు. హైమన్‌డార్ఫ్ మీద నాకు కోపం లేదు, గౌరవమే. నా బాధ ఆ రెండింటి మధ్య పోయిన మనిషి గురించి.

ఇప్పుడు మన తండాల మాట. మనలో మనకు రిజర్వేషన్ జాబితా గురించి తగువులున్నాయి, అన్నలు కూడా వినే ఉన్నారు. ఆ తగువు ఈ వేదిక మీదికి తేను. తెల్లవాడి దస్త్రంలో మాత్రం మనమంతా పక్కపక్క పేజీల్లోనే ఉన్నాం.

లదేణి కాలం మీ తాతలు చెప్పే ఉంటారు. వేల ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని మన వాళ్ళు దక్కన్ అంతా తిరిగారు. 1799లో టిప్పు మీద శ్రీరంగపట్నం యుద్ధానికి పోయినప్పుడు తెల్ల సైన్యానికి గింజలు మోసింది కూడా బంజారాలే. అప్పుడు మనం నమ్మకస్తులం. 1874లో సికింద్రాబాదుకు రైలు వచ్చింది, ఎద్దు పని పోయింది. తిరగడం మాత్రం మిగిలింది. తిరిగేవాడు అనుమానస్తుడయ్యాడు. రైలుకు మూడేండ్ల ముందే, 1871లో, తెల్ల సర్కారు నేరస్థ తెగల చట్టం చేసి పెట్టుకుంది. 1911లో అది మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. లంబాడీలు, ఎరుకలు ఆ జాబితాల్లోకి ఎక్కారు. వేలిముద్ర వేయాలి, హాజరు చెప్పాలి, ఊరు దాటాలంటే పాస్ తీసుకోవాలి. ఎరుకల కుటుంబాలను బాపట్ల దగ్గర ఒక సెటిల్‌మెంటులో పెట్టి సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. దానికి ఒక తెల్ల అధికారి పేరు పెట్టారు, అదే స్టూవర్టుపురం. ఆ పేరుతో మనవాళ్ళు దొంగల సినిమాలు కూడా తీసుకున్నారు. 1871 చట్టంలో ఇంకో మాట ఉంది. ఒక తెగను నేరస్థ తెగ అని సర్కారు ప్రకటిస్తే ఏ కోర్టులోనూ ప్రశ్నించడానికి వీలు లేదు. పుట్టుకే నేరమైతే వాదించడానికి ఏముంది?

ఆ చట్టం మా ఊళ్ళ కాగితాల మీద ఎంత నడిచిందో గాని, దాని బుద్ధి మాత్రం మా ఇంటి దాకా వచ్చింది. మా తాత మా తండాకు నాయక్. నాయక్ అంటే పేరు చివర తగిలించుకునే మాట కాదు అప్పుడు. పెండ్లి, పంచాయితీ, తీజ్ పండుగ, భూమి తగువు ఏదైనా ఆయన కూర్చుంటేనే తెగేది. నా చిన్నప్పుడు షామీర్‌పేట చుట్టుపక్కల అన్నీ ద్రాక్షతోటలు. తోటలో కరెంటు మోటరు పోయిందంటే చాలు, జీపు నేరుగా తండాకే వచ్చేది. వచ్చినవాడు అడిగే మొదటి మాట, నాయక్ ఎవడ్రా? ఒకసారి రెండు మోటర్లు పోయాయి. మా తాతను తీసుకుపోయి ఒక స్టేషన్ బయట చింతచెట్టు కింద కూర్చోబెట్టారు. దొంగ పేరు చెప్పేదాకా కదలొద్దన్నారు. రెండు రాత్రులు. మా నాయన రొట్టె మూట కట్టుకుని పోయి దూరంగా నిలబడ్డాడు, దగ్గరికి రానీయలేదు. మూడోరోజు ఆ మోటర్లు తోటకు పనికి పెట్టుకున్న కాంట్రాక్టరు దగ్గరే దొరికాయి. మా తాతను పొమ్మన్నారు. పొరపాటైందని ఎవరూ అనలేదు, అనాలని ఎవరికీ తోచి కూడా ఉండదు.

ఆయన ఇంటికొచ్చి రుమాలు విప్పి కొయ్యకు తగిలించాడు. ఆ తరువాత పంచాయితీకి కూర్చోలేదు. ఎవరైనా వస్తే, నాయక్ అంటే జీపు ఎక్కేటోడు, ఇంకెవరినైనా చూసుకోండి అనేవాడు. చనిపోయేదాకా అదే మాట.

నేను చాలా ఏండ్లు ఆ సంగతిని మా ఇంటి బాధ అనుకున్నాను. తరువాత చదువుతుంటే తెలిసింది. తెగ పెద్దను నాయకుడిగా కాదు, జామీనుగా చూడటం, ఎవరైనా తప్పు చేస్తే ముందు పెద్దను కూర్చోబెట్టడం, ఇవన్నీ ఆ పాత చట్టం బుద్ధులే. నాయకుడితో మాట్లాడరు, నాయకుణ్ణి పట్టుకుంటారు. రాంజీకి మర్రిచెట్టు, రాజుకు కొయ్యూరు చెట్టు, మా తాతకు చింతచెట్టు. వాళ్ళతో మా తాతను పోలుస్తున్నానని నవ్వకండి, ఆయన ఏ పోరాటమూ చేయలేదు. ఆ చెట్టు కింద కూర్చోబెట్టిన అధికారం ఒకటే అంటున్నాను.

నేరస్థ తెగల చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. దాని జాగాలో రాష్ట్రాలు అలవాటు నేరస్థుల చట్టాలు పెట్టుకున్నాయి. జైలు మాన్యువళ్ళలో సంచార తెగల మీద పాత రాతలు అట్లాగే ఉండిపోయాయి. సుప్రీంకోర్టు వాటిని చెల్లవని కొట్టేసింది ఎప్పుడనుకుంటున్నారు? 2024 అక్టోబర్ 3న. మొన్ననే. ఒక మహిళా జర్నలిస్టు జైళ్ళు తిరిగి రాసి, పిటిషన్ వేస్తే.

అదే 1952లో ఇంకొకటి జరిగింది, దాన్ని చెప్పకుండా దిగిపోతే నాకు నిద్ర పట్టదు. గంటం దొర తమ్ముడు గాం మల్లు దొర 1923లో పట్టుబడ్డాడు. మరణశిక్ష వేశారు, తరువాత యావజ్జీవం చేసి అండమాన్ పంపారు. ఆ మనిషి బతికి తిరిగొచ్చాడు. దేశంలో మొదటి ఎన్నికలు వచ్చాయి. విశాఖపట్నం నుంచి స్వతంత్రుడిగా నిలబడి గెలిచి లోక్‌సభకు పోయాడు. తలకు వెయ్యి రూపాయలు కట్టిన మనిషి ఢిల్లీలో కుర్చీలో కూర్చున్న ఏడాదే ఆ చట్టం పోయింది. ఆయన ఫొటో నేను పనిచేసిన ఏ బడి గోడ మీదా చూడలేదు. నేను పెట్టించలేదు కూడా. ఆ తప్పు నాదే.

గంట కొట్టేటట్టున్నారు. రెండు పనులు చెప్పి దిగుతాను.

ఒకటి. మీ తండాల్లో, గూడేల్లో డెబ్బై దాటిన వాళ్ళు ఉన్నారు. జీపుల సంగతులు, పాస్‌ల సంగతులు, వెట్టి సంగతులు వాళ్ళకు తెలుసు. పిల్లలారా, చేతిలో ఫోన్ ఉంది కదా, రికార్డు చేయండి. గోర్‌బోలీలోనే అడగండి, గోండీలోనే అడగండి, తెలుగులోకి తరువాత మార్చుకోవచ్చు. పేరు, ఊరు, ఎవరు వచ్చారు, ఏమన్నారు, ఎక్కడ కూర్చోబెట్టారు, ఇంతే అడగండి. వచ్చిన ఫైళ్ళు సంఘానికి పంపితే వచ్చే సంచికలో వేద్దాం.

రెండు. వచ్చే ఏప్రిల్ 9న ఇక్కడి నుంచి నిర్మల్‌కు బస్సు పెడుతున్నాం. పొద్దున ఐదింటికి మేడ్చల్‌లో ఎక్కాలి. మొదటి ఆగుడు తూప్రాన్. తుర్రెబాజ్ ఖాన్ కోసం అక్కడ ఐదు నిమిషాలు నిలబడి టిఫిన్ చేసి పోదాం. ఉట్నూరు అన్నలు నిర్మల్‌లో కలుస్తామన్నారు. పేర్లు బయట బల్ల దగ్గర రాయించండి. ఆడవాళ్ళు ముందు రాయించుకోండి, పోయినసారి సీట్లు అయిపోయాక మా చెల్లెలు నన్నే తిట్టింది.

జై సేవాలాల్. జై సేవ.